అతుకు వేయని చోట

నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు మాట్లాడుతుంటే కథ వరసగా రాదు. ఒక వాసన గురించి చెబుతూ చెబుతూ పదేళ్లు దాటేస్తారు, వాక్యం సగంలో ఆగిపోతారు. వినేవాళ్లకు చెయ్యి ఊరుకోదు. ఖాళీలు పూరించి, తేదీలు సర్ది, మొదలూ తుదీ ఉన్న కథగా కుట్టిపెట్టాలనిపిస్తుంది. ఈ పుస్తకం రాసిన నా శిష్యురాలు ఆ పనికి పూనుకోలేదు. నాకు ముందుగా నచ్చింది అదే.

క్లోద్ లాంజ్‌మాన్ 1985లో తెచ్చిన ‘షోవా’ తొమ్మిది గంటలు దాటిన సినిమా. అందులో ఏబ్రహాం బోంబా ఇజ్రాయెల్‌లోని ఒక సెలూన్‌లో, కత్తెర ఆడిస్తూనే మాట్లాడతారు. ట్రెబ్లింకాలో చావబోయే ఆడవాళ్ల జుట్టు ఆయన చేత కత్తిరింపించారు. గది ఎలా ఉండేది, పని ఎలా సాగేది, అన్నీ తడుముకోకుండా చెబుతారు. తోటి క్షురకుడి భార్య, తోబుట్టువు ఆ గదిలోకి వచ్చిన ఘట్టం దగ్గర నోరు పెగలదు. ముఖం తుడుచుకుంటారు. తన వల్ల కాదంటారు. దర్శకుడు మాత్రం చెప్పక తప్పదంటాడు. ఆ ఒత్తిడి న్యాయమేనా అని రచయిత్రి అడుగుతుంది. నాకైతే ఆ సినిమా చూసిన రోజున లాంజ్‌మాన్ మీద కోపమే వచ్చింది.

పుస్తకానికి ఆయువుపట్టు షార్లెట్ డెల్బో అధ్యాయం. ఆమె యూదురాలు కాదు, నాజీ ఆక్రమణను ఎదిరించి పట్టుబడ్డ ఫ్రెంచి మహిళ. భర్తను 1942లో కాల్చి చంపారు. 1943 జనవరి 24న ఆమెతో కలిపి 230 మంది ఆడవాళ్లను ఆష్‌విట్జ్ రైలెక్కిస్తే, బతికి తిరిగొచ్చింది 49 మంది. 1946లో రాసిన పుస్తకాన్ని దాదాపు ఇరవై ఏళ్లు అట్టేపెట్టి 1965లో అచ్చువేయించారు. అన్నీ తునకలే, కొన్ని అర పేజీకి మించవు. మంచులో గంటల తరబడి హాజరు, కొన్ని పేజీలు తిప్పితే మళ్లీ హాజరు. జ్ఞాపకం పగిలింది కాబట్టి రాత కూడా పగిలిందని సరిపెట్టుకుంటాం. అయితే అదే 1965లో ఆమె మరో పుస్తకం తెచ్చారు. ఆ రైలెక్కిన ఒక్కొక్క స్త్రీ ఎవరు, ఎక్కడివారు, చివరికి ఏమయ్యారు అన్నదంతా అక్షరక్రమంలో! అంటే వరస పెట్టడం చేతకాక కాదు. బోంబా ఆగింది నోరు రాక, డెల్బో ఆపింది తెలిసి. రెంటినీ ఒకే గాటన కట్టే విమర్శ చాలానే చదివాను. ఈ అమ్మాయి ఆ తేడాను పట్టుకుంది.

ఒక్క పేచీ ఉంది. మొదటి అధ్యాయంలో మనస్తత్వ సిద్ధాంతాలు దట్టించింది. మాట తెగిన చోటల్లా ఒక సిద్ధాంతం పేరు తగిలిస్తే అదీ ఒక అతుకే కదా. పాఠకులు దాన్ని పక్కనపెట్టి నేరుగా డెల్బో దగ్గరికి వెళ్లినా నష్టం లేదు. రచయిత్రి నొచ్చుకోదన్న ధైర్యంతోనే ఈ మాట ఇక్కడ రాస్తున్నాను.