పడమటికి నడిచిన పత్తి

ఉధనా నుంచి సచిన్ వైపు నవ్‌సారీ రోడ్డు పట్టుకుని వెళితే దారిలో ఉన్ తగులుతుంది. పేరుకు ఊరే గానీ ఇప్పుడది సూరత్ నగరంలో భాగం. ఆ వైపంతా మరమగ్గాలు, అద్దకం మిల్లులు, వాటిలో పనికి వచ్చిన ఎన్నో రాష్ట్రాల మనుషులు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉన్నాయి. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మీడియంవీ ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లల్లో ఎవరైనా ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి ప్రపంచ చరిత్ర తెరిస్తే, ఉత్తర అమెరికా మూలవాసులను వాళ్ల నేల నుంచి వెళ్లగొట్టిన వైనం ఒక పాఠంగా కనిపిస్తుంది. నూలూ బట్టా తెలిసిన ఇంటి పిల్లలకు ఈ పాఠం పటం దగ్గర కాదు, పత్తి దగ్గర మొదలుపెట్టాలి.

మామూలుగా జరిగేది వేరు. ముందు అమెరికా పటం వేలాడదీస్తారు. 1803లో నెపోలియన్ దగ్గర కోటిన్నర డాలర్లకు లూసియానా కొన్నారు, 1848లో మెక్సికో యుద్ధం ముగిసి కాలిఫోర్నియా దక్కింది, అంటూ వరసగా చెబుతారు. అది అయ్యాక మరో వారం, మరో శీర్షిక కింద సంఘ సంస్కరణ వస్తుంది: మద్యపాన వ్యతిరేకత, ఉచిత బడులు, బానిసత్వ నిర్మూలన, స్త్రీల హక్కులు. పిల్లలు రెండింటినీ బట్టీ పడతారు. రెండూ ఒకే కాలంలో, చాలాసార్లు ఒకే మనుషుల మధ్య జరిగాయన్న సంగతి మాత్రం తట్టదు. ఈ పాఠానికి జరిగే అన్యాయం అదే.

పత్తి దగ్గర మొదలుపెడదాం. 1793లో అమెరికాలో ఎలీ విట్నీ పత్తి గింజ తీసే జిన్నింగు యంత్రం చేశాడు. పొట్టిపింజ పత్తిలో గింజ దూదిని ఓ పట్టాన వదలదు. చేత్తో వలిస్తే మనిషికి రోజుకు ఒక పౌను దూది రావడమే గగనం. యంత్రంతో యాభై పౌన్లు వచ్చాయి. ఇక కావలసింది నేలా, మనుషులూ. జార్జియా, అలబామా, మిసిసిపీల్లో నేల ఉంది, కానీ దాని మీద చెరోకీ, క్రీక్, చాక్టా జాతుల వాళ్లున్నారు. మనుషుల్ని, అంటే నల్లజాతి బానిసలను, వర్జీనియా వైపు నుంచి కొని తోలుకొచ్చారు. 1790లో దేశం మొత్తమ్మీద ఏడు లక్షల దాకా ఉన్న బానిసలు 1860కి ముప్పై తొమ్మిది లక్షలు దాటారు.

చెరోకీల దగ్గర టీచరు తొందరపడకూడదు. సెక్వోయా అనే చెరోకీ, ఇంగ్లీషు చదవడం రాని మనిషి, 1821 నాటికి తన భాషకు లిపి తయారుచేశాడు. 85 అక్షరాలు, దాదాపు అన్నీ మన క, కి, కు లాగా హల్లూ అచ్చూ కలిసిన ధ్వనులే. గుణింతం దిద్దిన పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది. 1827లో చెరోకీలు రాజ్యాంగం రాసుకున్నారు. 1828లో 'చెరోకీ ఫీనిక్స్' పత్రిక పెట్టారు. 1832లో, వూస్టర్ కేసులో, వాళ్ల నేల మీద జార్జియా చట్టాలు చెల్లవని సుప్రీంకోర్టే చెప్పింది. అయినా 1830లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ సంతకం చేసిన మూలవాసుల తరలింపు చట్టం మాటే నెగ్గింది. 1838-39లో దాదాపు 16,000 మంది చెరోకీలను మిసిసిపీ నదికి అవతలికి తరిమారు. శిబిరాల్లో, దారిలో 4,000 మంది దాకా చనిపోయారని అంచనా. చదువూ నాగరికతా లేనివాళ్లు కాబట్టి నేల పోగొట్టుకున్నారనే మాట దీని ముందు నిలవదు. ఆ చెరోకీల్లోనే సంపన్నులు కొందరికి నల్లజాతి బానిసలుండేవారు, వాళ్లనూ వెంట నడిపించుకుపోయారు. పిల్లలకు అదీ చెప్పాలి.

ఆ కేసులోని శామ్యూల్ వూస్టర్ చెరోకీల పత్రికకు తోడ్పడిన పాదిరి. జార్జియా లైసెన్సు తీసుకోకుండా అక్కడ ఉన్నందుకు జైలుకు వెళ్లాడు. ఆయన్ను పంపిన బోస్టన్ మిషన్ సంఘం వాళ్లు 1813లోనే బొంబాయి చేరారు. ఆ తరం మత ఉద్ధరణ ఉత్సాహంలోంచే అమెరికన్ బాప్టిస్టులూ వచ్చారు. వాళ్లలో శామ్యూల్ డే 1836లో తెలుగు తీరానికి చేరాడు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. తరలింపును ఎదిరించిన గొంతులూ ఆ ఉత్సాహంలోంచే లేచాయి. 1829 చివర్లో కేథరిన్ బీచర్ అనే ఉపాధ్యాయురాలు, తరలింపును అడ్డుకోమంటూ స్త్రీలు అమెరికా కాంగ్రెస్‌కు అర్జీలు పెట్టాలని పిలుపునిచ్చింది. ఓటు లేని ఆడవాళ్లు సంతకాలు పెట్టారు. అర్జీ ఓడింది గానీ అర్జీ పెట్టే పద్ధతి వాళ్ల చేతిలో మిగిలింది. తర్వాత బానిసత్వం మీదా అవే సంతకాలు కదిలాయి. 1840లో లండన్ బానిసత్వ వ్యతిరేక మహాసభ స్త్రీ ప్రతినిధులకు సభలో చోటివ్వలేదు. అక్కడ కలిసిన లుక్రీషియా మాట్, ఎలిజబెత్ కేడీ స్టాంటన్ 1848 జులైలో సెనెకా ఫాల్స్‌లో స్త్రీల హక్కుల సభ జరిపారు. తరలింపు పాఠం, స్త్రీల హక్కుల పాఠం ఇక్కడ ముడిపడతాయి.

సూరత్‌లోనూ ఆ రోజులు నిద్రపోతూ లేవు. దుర్గారాం మెహతాజీ అనే బడిపంతులు, దాదోబా పాండురంగ్ తదితరులతో కలిసి 1844లో ఇక్కడే మానవ ధర్మ సభ పెట్టాడు. మంత్రగాళ్లను బహిరంగంగా నిలదీశాడు, వితంతు వివాహం గురించి మాట్లాడాడు. మన కందుకూరి వీరేశలింగం పుట్టింది సెనెకా ఫాల్స్ సభ జరిగిన ఏడాదే.

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై, దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకలు దిగ్బంధిస్తే లాంకషైర్ మిల్లులకు పత్తి ఆగిపోయింది. మిల్లులు భారతీయ పత్తికి ఎగబడ్డాయి. అక్కడి బజారులో దానికి 'సూరత్' అనే పేరు. ధరలు ఆకాశానికెక్కి, 1865లో యుద్ధం ఆగగానే కూలాయి. ఆ యుద్ధంతో బానిసత్వమూ పోయింది. 1873లో జోతిబా ఫూలే తన 'గులాంగిరీ' పుస్తకాన్ని, బానిసత్వాన్ని తొలగించిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. ఆ ఒక్క అంకితం మీద ఒక పీరియడంతా మాట్లాడవచ్చు.

ఒక చోట మాత్రం టీచరు ఆపాలి. 'మా తాతలూ పడమటికే వచ్చారు కదా' అని పిల్లలు పోలిక తెస్తారు. మగ్గం పనికి సూరత్ వచ్చినవాళ్ల వెనక సైన్యం లేదు, ఇంకొకరి భూమి రాసిచ్చిన చట్టమూ లేదు. పోలిక కావాలంటే, ఈ తాపీ నది మీదే 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్ట కింద మునిగిన ఆదివాసీ గ్రామాల గురించి, పోలవరం ప్రాజెక్టు ముంపులోని కోయలు, కొండరెడ్ల గురించి మాట్లాడాలి. అవీ పూర్తిగా సరిపోవు. ఎక్కడ సరిపోవో పిల్లలే చెప్పాలి.

పరీక్షలో 'పశ్చిమ విస్తరణకు కారణాలు రాయుము' అని అడిగే బదులు 1830 అనే ఒక్క ఏడాదిని ఇవ్వవచ్చు. చట్టం ఎవరు చేశారు, దాని మీద అర్జీ ఎవరు పెట్టారు, ఖాళీ చేయించిన నేలలో ఏం పండింది, ఎవరి చేత పండించారు? అక్కడి పత్తి లివర్‌పూల్ రేవులో దిగి, మాంచెస్టర్‌లో బట్టై, మన బజార్లకు ఎలా వచ్చింది? ఆ చవక మిల్లు బట్ట తెలుగు చేనేతను ఏం చేసింది?