బాలుని యెఱుకకు జ్ఞాపకము

1999లో వెలువడిన శ్యామలన్ చలనచిత్రము ‘ది సిక్స్త్ సెన్స్’ నందుఁ గోల్ అను బాలునకు మృతులు కానవత్తురు. వానికిఁ జికిత్స సేయవచ్చిన మాల్కం అను వైద్యుఁడును మృతుఁడే. ఆ సంగతి వైద్యుఁ డెఱుఁగఁడు. బాలుఁ డెఱుఁగునా? ఎఱుఁగుదునని వాఁడెన్నఁడును స్పష్టముగాఁ బలుకఁడు.

తొలి పరిచయముననే యెఱుఁగునని కొందఱందురు. క్రైస్తవదేవాలయమున వాఁడు దాఁగుట హేతువఁట. అది యన్యథాసిద్ధము, క్రొత్త వైద్యునిఁ జూచి బెదరని బాలుఁ డెవ్వఁడు? ఆసుపత్రిలో మాల్కం మొగముఁ జూచుచు, మృతులు తాము మృతులమని యెఱుఁగరని పలుకుట బలవత్తరము. అయినను అచ్చట నున్నది ధ్వనియే కాని నిర్ణయము కాదు.

నిర్ణాయకము తుదినున్నది. భార్య నిద్రించుచుండఁగా మాటలాడుమని బాలుఁడు వైద్యునకు బోధించును. బ్రదికియున్న భర్తకీ యుపదేశము వ్యర్థము. దంపతులకు మాటలు లేవు గావున నట్లనెనందురా? పలుకని భార్యను మేలుకొన్నపుడు పలికింపవలెఁ గాని నిద్రలోఁ బలుకరింపుమనుట యేమి? పాణినీయమున వ్యర్థమైన పదమే జ్ఞాపకమగునట్లు, ఈ మాటయే బాలుని యెఱుకకు జ్ఞాపకము.

ఎఱుఁగఁడన్నచోఁ దుదిమలుపు వట్టి గారడి. ఎఱుఁగునన్నచోఁ జికిత్సకుఁడు బాలుఁడే. మృతుని నొప్పింపక, తనంతఁ దాన తెలిసికొనునట్లు త్రోవఁ జూపెను. వీడుకోలువేళ, రేపు మరలఁ గలిసికొందుమన్నట్లు నటింతమని వాఁడనిన మాటయు నీ దయలోనిదే.