ఎనిమిదో రోజు పట్టికను ఎలా చదవాలి?

సుమో టోర్నీ పదిహేను రోజులు సాగుతుంది. మధ్యలో సెలవు ఉండదు, అగ్రశ్రేణిలో ప్రతి మల్లుడికీ రోజుకో పోటీ. ఎనిమిదో రోజును జపాన్‌లో ‘నాకాబి’ అంటారు, అంటే నడిమి రోజు. ఆ సాయంత్రానికి టైటిల్ రేసు పట్టిక అందరి నోళ్లలో నానుతుంది: ఇప్పటిదాకా ఓడనివాళ్లు ఎవరు, ఒక్క ఓటమితో వెన్నంటి ఉన్నవాళ్లు ఎవరు, రెండు ఓటములతో ఇంకా ఆశ వదులుకోనివాళ్లు ఎవరు. క్రికెట్ లీగ్ పాయింట్ల పట్టికకు అలవాటుపడ్డ కళ్లతో దీన్ని చదివితే లెక్క తప్పుతుంది. క్రికెట్లో ఎవరు ఎవరితో ఎప్పుడు ఆడాలో టోర్నీకి ముందే అచ్చవుతుంది. సుమోలో నాకాబి నాటికి రెండో సగం పోటీలు ఇంకా ఖరారు కావు. మొదటి రెండు రోజుల జోడీలు మాత్రమే టోర్నీకి ముందు తెలుస్తాయి. ఆ తర్వాతివి ఫలితాలు చూసుకుంటూ ఏ రోజుకారోజు కూర్చుతారు. మొదటి వారం ఒక వడపోత. అందులో పైకి తేలినవాళ్లను ఏరి, ఒకరిమీదికి ఒకరిని వదలడం రెండో వారం పని. ఆ పని మనుషుల చేతుల్లో ఉండటాన్ని చాలామంది లోపమంటారు. ఈ క్రీడ నిర్మాణంలో అన్నిటికంటే తెలివైన భాగం అదేనని నా వాదన.

అగ్రశ్రేణి ‘మకుఉచి’లో నలభై రెండు మంది ఉంటారు. పదిహేను పోటీల్లో ఎవరూ అందరినీ ఎదుర్కోలేరు. ‘బన్‌జుకె’ అనే హోదాల జాబితాలో అందరికంటే పైన యోకోజునా, ఆ తర్వాత ఓజెకి, సెకివాకె, కొముసుబి. మిగతావాళ్లంతా మాయెగాషిరాలు, ఒకటో నంబరు నుంచి సాధారణంగా పదిహేడు దాకా. మొదటి వారంలో యోకోజునాలకూ ఓజెకిలకూ కొముసుబిలు, పై నంబర్ల మాయెగాషిరాలు ఎదురవుతారు. అడుగు నంబర్లవాళ్లు తమలో తాము తలపడతారు. కాబట్టి పదిహేడో నంబరు మల్లుడి ఎనిమిది గెలుపులూ, ఒకటో నంబరు మల్లుడి ఎనిమిది గెలుపులూ అంకెల్లోనే సమానం. ఈ తేడాను సరిచేసేది న్యాయనిర్ణేతల విభాగం. అందులో ఉండేవాళ్లంతా ఒకప్పుడు బరిలో పోరాడిన మాజీ మల్లులే. ఎవరు ఎవరిని ఎదుర్కొన్నారో, ఎవరు గెలిచారో రాసి ఉంచిన పొడవాటి కాగితపు చుట్టను ముందు పరుచుకుని, మర్నాటి జోడీలను కుదురుస్తారు. చదరంగంలో స్విస్ పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ సూత్రం చేసే పనిని ఇక్కడ అనుభవం చేస్తుంది.

2024 మార్చిలో ఒసాకా టోర్నీ ఈ పద్ధతి పనితనాన్ని చక్కగా చూపించింది. అగ్రశ్రేణిలో అప్పుడే అడుగుపెట్టిన తకెరుఫుజి పదిహేడో నంబరు మాయెగాషిరా. నాకాబి నాటికి అతనికి ఓటమి లేదు. కొత్త కుర్రాడు కిందివాళ్లను కొట్టి పైకొచ్చాడు, అంతకంటే ఏముందని ఎవరైనా అంటే అప్పటికి కాదనలేం. అందుకే అధికారులు అతన్ని పైకి లాగారు. పదో రోజు ఒనోసాతో, పదకొండో రోజు ఓజెకి కొతోనోవాకా ఎదురయ్యారు. ఇద్దరినీ ఓడించి, అగ్రశ్రేణి అరంగేట్రంలో మొదటి రోజు నుంచి వరుసగా పదకొండు గెలుపులతో ఒకప్పటి మల్లుడు తైహో నెలకొల్పిన రికార్డును అందుకున్నాడు. పన్నెండో రోజు మరో ఓజెకి హోషోర్యు అతని జోరుకు కళ్లెం వేశాడు. పదమూడో రోజు సెకివాకె వాకమోతోహారుపై గెలిచాడు. పద్నాలుగో రోజు అసనోయామా చేతిలో ఓడి, చీలమండ గాయంతో చక్రాల కుర్చీలో బయటికి వెళ్లాడు. చివరి రోజు కాలికి కట్టుతోనే వచ్చి గోనోయామాను పడగొట్టాడు. పదమూడు గెలుపులు, రెండు ఓటములు, టైటిల్. అరంగేట్రపు టోర్నీలోనే టైటిల్ అంటే 1914 తర్వాత అదే మొదటిసారి. ఆ రెండో వారపు ప్రత్యర్థులు తగలకపోయి ఉంటే ఈ గెలుపును ఇంత ధీమాగా చెప్పుకోగలిగేవాళ్లం కాదు.

ఇంతకీ నాకాబి నాడు పట్టికలో అంకెలు కాకుండా ఇంకేం చూడాలి? గెలిచిన తీరు చూడాలి. బరి వ్యాసం 4.55 మీటర్లు. నడుమ మట్టిమీద డెబ్బై సెంటీమీటర్ల ఎడంతో రెండు తెల్లగీతలు. ఇద్దరూ వాటి వెనక గొంతుక్కూర్చుంటారు. ‘మొదలు’ అని ఎవరూ ఈల వేయరు, గంట కొట్టరు. ఇద్దరి ఊపిరీ కలిసిన క్షణాన చేతులు నేలకు తాకించి ఒక్కసారిగా లేచి ఢీకొంటారు. ఈ తొలి ఢీకొట్టును ‘తాచియాయ్’ అంటారు, సగం ఫలితం అందులోనే తేలుతుంది. బాగా కిందికి వంగి, ప్రత్యర్థి ఛాతీ కిందికి దూరి, ముందుకే నడిచి ‘యోరికిరి’తో బరి దాటించేవాడి గెలుపు ఒక రకం. వెనక్కి తగ్గుతూ, మీదికొచ్చేవాడి మెడమీద చరిచి బోర్లా పడేసే ‘హతాకికోమి’ గెలుపు ఇంకో రకం. నిబంధనల్లో రెంటికీ విలువ ఒకటే. అయినా వెనక్కి లాగి సాధించిన ఎనిమిది గెలుపులు రెండో వారంలో అక్కరకు రావడం కష్టం. అనుభవమున్న ఓజెకి అంత తేలిగ్గా ముందుకు తూలడు, లాగబోయినవాడే వెనక అడుగు వేసి గడ్డిమోపుల గట్టు దాటిపోతాడు. పరిజ్ఞానం ఉన్న ప్రేక్షకులు ఓటమి లేని మల్లుడి గురించి కూడా ‘గెలుపు సరే, పట్టు బాగోలేదు’ అని పెదవి విరిచేది ఇందుకే.

ఆధిక్యమైనా అంత గట్టిది కాదు. 2017 సెప్టెంబరులో నలుగురు యోకోజునాల్లో ముగ్గురు గాయాలతో దూరమయ్యారు. మిగిలిన హరుమాఫుజి మొదటి వారంలోనే వరుసగా మూడు రోజులు ఓడాడు. పదో రోజు ముగిసేసరికి ఓజెకి గోయెయ్‌దో తొమ్మిది గెలుపులతో ముందున్నాడు, హరుమాఫుజివి ఆరే. మిగిలింది ఐదు రోజులు, తేడా మూడు గెలుపులు. చివరి రోజు ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టేసరికి తేడా ఒక్కటికి తగ్గింది. హరుమాఫుజి ఆ పోటీ గెలిచి సమం చేశాడు, వెంటనే జరిగిన నిర్ణాయక పోరులోనూ గెలిచి పదకొండు గెలుపులకే కప్పు ఎత్తుకున్నాడు. ఈ నిర్ణాయక పోరు 1947లో వచ్చింది. అంతకు ముందైతే గెలుపులు సమానమైనప్పుడు హోదాలో పైవాడికే టైటిల్ దక్కేది.

ఇక అభ్యంతరాల సంగతి. జోడీలు కుదిర్చేది మనుషులైతే అది న్యాయమెలా అవుతుందన్నది మొదటిది. ఇందులో కొంత నిజముంది, వాళ్లూ ఆలస్యం చేస్తారు. 2020 జనవరిలో జాబితా అట్టడుగున పదిహేడో నంబరులో ఉన్న తొకుషోర్యు ఒక్క ఓటమితో దూసుకొస్తుంటే, అతనికి ఓజెకి తకకెయ్‌షో ఎదురైంది చివరి రోజునే. అతను ఆ పోటీ గెలిచి పద్నాలుగు గెలుపులతో టైటిల్ కొట్టాడు కాబట్టి గొడవ లేకపోయింది. ఓజెకిని ముందే తగిలించి ఉండాల్సిందని నేనూ అంటాను. కానీ ముందే అచ్చేసిన జాబితా ఉంటే ఆ ఒక్క పరీక్షకైనా వీలుండేది కాదు.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది: మనుషుల ప్రమేయం లాలూచీకి దారి తీయదా? పోలీసుల చేతికి చిక్కిన ఫోన్ సందేశాలు ముందుగా మాట్లాడుకున్న పోటీల గుట్టు విప్పడంతో 2011 మార్చి టోర్నీ మొత్తం రద్దయిన మాట నిజమే. ఎనిమిది గెలుపులుంటే హోదా నిలుస్తుంది, ఏడైతే జారుతుంది. చివరి రోజుకు ఏడు-ఏడుతో ఉన్న మల్లుడు ఉండాల్సినదానికంటే ఎక్కువసార్లు గెలుస్తున్నాడని డగ్గన్, లెవిట్ అనే ఆర్థికవేత్తలు 2002లో లెక్క తేల్చారు. ఆ రోగం పుట్టింది ఎనిమిది గెలుపుల గీత దగ్గర, జోడీల కూర్పులో కాదు. దానికి మందు కూడా ఈ కూర్పులోనే ఉంది: ఏడు-ఏడువాళ్లనే ఒకరికొకరిని ఎదురు పెడితే, గెలుపు అవసరం లేనివాడు దాన్ని అవసరమున్నవాడికి వదిలేసే సందు మూసుకుపోతుంది.

నేను సమర్థించలేనిది ఒక్కటే. ఒకే శిక్షణ శాలకు చెందిన మల్లులను మామూలు పోటీల్లో ఎదురెదురు పెట్టరు. తకెరుఫుజి శాలలోనే అప్పటి యోకోజునా తెరునోఫుజి ఉన్నాడు. ఆ ఒసాకా టోర్నీ మధ్యలో గాయంతో అతను తప్పుకున్నాడు గానీ, తప్పుకోకపోయినా ఆ జోడీ కుదిరేది కాదు. నాకాబి నాడు రేసులో ముందున్న ఇద్దరూ ఒకే శాలవాళ్లయితే, న్యాయనిర్ణేతల విభాగం ఎంత నేర్పుగా కూర్చినా అసలు పోటీ జరగదు, ఇద్దరూ చివరికి సమానంగా నిలిస్తే తప్ప. 1995 నవంబరులో ఫుకువోకాలో అలాగే అయింది. ఒకే శాలలో పెరిగిన అన్నదమ్ములు వాకనోహానా, తకనోహానా చెరో పన్నెండు గెలుపులతో మిగిలారు. తమ్ముడు అప్పటికే యోకోజునా, అన్న ఓజెకి. నిర్ణాయక పోరులో అన్న గెలిచాడు. అగ్రశ్రేణి టోర్నీలో వాళ్లిద్దరూ తలపడింది ఆ ఒక్కసారే.