పోటీకి పెంచే గులాబీ

గులాబీల ప్రదర్శనకి మొదటిసారి వెళ్ళినవాళ్ళు ఎక్కువగా బహుమతి రాని పువ్వు ముందే ఆగిపోతారు. పెద్దది, నిండుగా విచ్చుకున్నది, రంగు కొట్టొచ్చినట్టున్నది చూసి మొదటి బహుమతి దీనికే అనుకుంటారు. కార్డు మాత్రం పక్క సీసాలో ఇంకా పూర్తిగా విచ్చుకోని పువ్వు దగ్గర ఉంటుంది. దాన్ని పైనుంచి చూస్తే అంచు గుండ్రంగా ఉంటుంది. పక్కనుంచి చూస్తే నడిమి మొన పైకి తేలి, దాని చుట్టూ రేకులు వరస తప్పకుండా ఒక్కొక్కటే వెనక్కి వాలుతుంటాయి. హైబ్రిడ్ టీ అనే రకం గులాబీకి ఈ రూపం సగం నుంచి ముప్పావు వంతు విచ్చుకున్నప్పుడే ఉంటుంది. ఎండ ముదిరితే ఒక్క పూటలో పోతుంది. ఆ పూటా, జడ్జీలు బల్ల దగ్గరికి వచ్చే పూటా ఒకటే అయ్యేలా చూసుకోవడమే ఈ విద్యంతా.

జడ్జీలు ఏం చూస్తారో తెలిస్తే సగం సందేహాలు తీరతాయి. అమెరికన్ రోజ్ సొసైటీ లెక్కలో మొత్తం 100 మార్కులు. రూపానికి 25, రంగుకి 20, కాడకీ ఆకులకీ కలిపి 20, రేకు దిట్టంగా ఉన్నందుకు 15, పువ్వుకీ కాడకీ పొందిక కుదిరినందుకు 10, సైజుకి 10. మనం ముందుగా చూసే సైజుకి పదే మార్కులు. మనం చూడనే చూడని కాడకీ ఆకులకీ దానికి రెట్టింపు. పువ్వు ఎంత బాగున్నా కింది ఆకు మీద నల్లమచ్చ ఉంటే చెట్టుని సరిగా చూసుకోలేదని అర్థం, మార్కు పోతుంది. అక్కడి పోటీల్లో అన్నిటికన్నా మేలైన పువ్వు క్వీన్, రెండోది కింగ్. రాణి తర్వాతే రాజు!

పని మొదలయ్యేది కత్తిరింపుతో. మన దగ్గర ప్రదర్శనలు ఎక్కువగా చలికాలంలోనే కాబట్టి తేదీ తెలియగానే వెనక్కి లెక్క కడతారు. కొమ్మ కత్తిరించాక పువ్వు రావడానికి రకాన్నిబట్టి, చలినిబట్టి సుమారు 45 నుంచి 60 రోజులు పడుతుంది. రేకులు తక్కువున్న రకాలు త్వరగా పూస్తాయి, ఎక్కువున్నవి నిదానంగా. అందుకే అన్ని చెట్లనీ ఒకే రోజు కొయ్యరు. ఒకే రకం చెట్లు నాలుగుంటే నాలుగైదు రోజుల తేడాతో కోస్తారు, ఏదో ఒకటి తేదీకి అందుతుందని. బయటివైపు చూస్తున్న చిగురు కంటికి కాస్త పైన, ఏటవాలుగా కత్తెర పడాలి. అంటు కట్టిన చోటుకి దిగువనుంచి లేచే పిలకల్ని మొదట్లోనే పీకెయ్యాలి. లేకపోతే వేరుమొక్క బలిసి అంటు చిక్కిపోతుంది. పశువుల ఎరువు, వేపపిండి, ఎముకల పొడి సంగతి గులాబీ పెంచేవాళ్ళందరికీ తెలిసిందే.

తెలియని పని డిస్‌బడ్డింగ్. హైబ్రిడ్ టీ కొమ్మ చివర పెద్ద మొగ్గ, దాని కింద ఆకు పంగల్లో చిన్న మొగ్గలు వస్తాయి. పోటీదారు ఆ చిన్నవాటిని వేలితో పక్కకి వంచి తుంచేస్తాడు, బలమంతా చివరి మొగ్గకి చేరాలని. అవి బాగా చిన్నగా ఉన్నప్పుడే తుంచితే గుర్తు మిగలదు. ఆలస్యమైతే కాడ మీద మచ్చ పడుతుంది, జడ్జి కన్ను దాని మీదే పడుతుంది. గుత్తిగా పూసే ఫ్లోరిబండాకి లెక్క తిరగబడుతుంది. గుత్తి నడిమి మొగ్గ అన్నిటికన్నా ముందు విచ్చుకుని ముందే వాడిపోతుంది కాబట్టి, దాన్నే తీసేసి మిగతావన్నీ ఒక్కసారి విచ్చుకునేలా చేస్తారు. పూసిన పువ్వులన్నీ దేవుడికో జడకో అనుకునే మన ఇళ్ళల్లో, మొగ్గల్ని చేతులారా తుంచడం చూసినవాళ్ళకి ప్రాణం ఉసూరుమంటుంది. ఈ పోటీలో సగం మంది ఆగిపోయేది ఇక్కడే అని నా అనుమానం.

కోత తెల్లవారుజామునో సాయంత్రమో, ఎండ లేనప్పుడు. కోసిన కాడని వెంటనే నీళ్ళలో పెడతారు. ఒకటి రెండు రోజులు ముందే విచ్చుకున్నదాన్ని ఫ్రిజ్‌లో ఆపుతారు. ప్రదర్శన పొద్దున బల్ల దగ్గర మెత్తటి కుంచెతో దుమ్ము దులపడం, వెలుపలి రేకు చెడితే తీసెయ్యడం, మొండికేసిన రేకుల మధ్య చిన్న దూది ఉండ పెట్టి కాసేపాగి తియ్యడం చూడొచ్చు. ఇదంతా ఒప్పే. దూది తియ్యడం మరిచిపోతే తప్పు. ఆకు మెరవాలని నూనె రాస్తే ఏకంగా పోటీనుంచి తీసేస్తారు. రకం పేరు తప్పు రాసినా అంతే.

ఇది తోటమాలులున్న దొరల సరదా అనుకునేవాళ్ళు చాలామంది. పుట్టుక చూస్తే అనుమానం సహజమే. లండన్‌లోని సెయింట్ జేమ్స్ హాల్లో 1858 జులై 1న మొదటి జాతీయ గులాబీ ప్రదర్శన పెట్టించినవాడు రెనాల్డ్స్ హోల్ అనే మతాధికారి. 1876లో పుట్టిన నేషనల్ రోజ్ సొసైటీకి మొదటి అధ్యక్షుడూ ఆయనే. అయితే ఆయన తన గులాబీల పుస్తకంలో మనసుపెట్టి రాసింది నాటింగ్‌హామ్ కార్మికుల గురించి. ఈస్టర్‌కి గులాబీల పోటీ ఉంది, జడ్జీగా రమ్మని వాళ్ళు ఉత్తరం రాస్తే, ఆ చలిలో గులాబీలేమిటి, ఏప్రిల్ ఫూల్ చేస్తున్నారేమో అనుకున్నాడట. వెళ్ళి చూస్తే నిజంగానే పువ్వులున్నాయి. చిన్న చిన్న గాజు గదుల్లో పెంచిన ఆ మొక్కలకి మంచు తగలకుండా, తమ పక్కల మీది దుప్పట్లు తీసి కప్పారని తెలిసి అబ్బురపడ్డాడు.

మన దేశంలోనూ దీన్ని మోసినవాళ్ళకి వేరే ఉద్యోగాలున్నాయి. గోధుమ వంగడాల శాస్త్రవేత్త, 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి మొదటి డైరెక్టర్ జనరల్ అయిన బి.పి. పాల్ ఎన్నో కొత్త గులాబీల్ని సృష్టించాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి, చలి దేశాల గులాబీలు మన ఎండకి తట్టుకోవడం లేదని, ఇక్కడి అడవి జాతులతో సంకరం చేశాడు. అలా పుట్టిన ఒక గులాబీ పేరు గోల్డెన్ త్రెషోల్డ్. హైదరాబాదులో సరోజినీ నాయుడు నివసించిన భవనం పేరు కూడా అదే.

ఒక్క విషయంలో ఈ పోటీలతో నాకు పేచీ ఉంది. పైన చెప్పిన 100 మార్కుల్లో వాసనకి ఒక్కటీ లేదు. పరిమళానికి విడిగా ఒక విభాగం పెట్టి సరిపెడతారు. మొన తేలని నాటు పన్నీరు గులాబీ వీధంతా గుమాయించినా బల్ల మీద ఆఖరే. మార్కులు ఎటు పోతే పెంచేవాళ్ళూ అటే పోతారు కదా.

అయినా ఆసక్తి ఉంటే ఈ చలికాలం దగ్గర్లో ఎక్కడ ప్రదర్శన జరిగినా ముందు ప్రేక్షకులుగా వెళ్ళండి. జడ్జీలు వెళ్ళిపోయాక బహుమతి పువ్వునీ, దాని పక్కన ఓడిన పువ్వునీ కలిపి చూడండి. పెంచినవాళ్ళు అక్కడే ఉంటారు, అడిగితే దాచకుండా చెబుతారు. మొక్క కొనేటప్పుడు ‘ఎరుపు, పసుపు’ అని కాక పేరుతో అడిగి కొనండి, చీటీ పోకుండా చూసుకోండి. పేరు తెలియని గులాబీని పోటీల్లో సాధారణంగా పెట్టనివ్వరు.