బంగ్లాదేశ్ డెంగ్యూ పట్టిక: ఒక పరిశీలన

బంగ్లాదేశ్ ఆరోగ్య సేవల డైరెక్టరేటు డెంగ్యూతో ఆసుపత్రులలో చేరినవారెందరో, మరణించినవారెందరో ఏ రోజు కారోజు ప్రకటించుచున్నది. లెక్కలను దాచక ప్రజల ముందుంచుట మెచ్చదగిన పని. అయితే ఆ పట్టికను చదువుటలో రెండు పొరపాట్లకు అవకాశము కలదు.

మొదటిది ఋతువును గూర్చినది. డెంగ్యూ వానలతో వచ్చి వానలతో పోవునని పలువురి నమ్మకము. కాని 2019లో రోగుల సంఖ్య ఆగస్టులోను, 2023లో సెప్టెంబరులోను, 2022లో అక్టోబరులోను శిఖరమందినది. 2024లో మరణములు నవంబరులో అత్యధికము. ఏల? ఏడిస్ దోమ నీటి అంచున పెట్టిన గ్రుడ్లు నెలల తరబడి ఎండినను చావవు. నీరు తగిలిన పిదప దోమ ఎదుగుటకు వారము పది దినములు, రోగిని కుట్టిన దోమలో వైరసు వృద్ధిచెందుటకు 8-12 దినములు, అది కుట్టినవానికి జ్వరము వచ్చుటకు మరి 4-10 దినములు పట్టును. కావున వాన వెలిసినను వ్యాధి వెంటనే వెలియదు. ఇండ్లలోని తొట్లలో నిలిచిన నీటికి వానతో పనియే లేదు.

రెండవది మరణములను గూర్చినది. 2019లో 1,01,354 మంది రోగులలో 164 మంది మరణించిరి. 2023లో 3,21,179 మందిలో 1,705 మంది మరణించిరి. రోగులు మూడు రెట్లయిరి. మరణములు పది రెట్లు దాటెను. నూటికి 0.16గా ఉన్న మరణములు 0.53 అయినవి. వ్యాధి మూడు రెట్లు క్రూరమైనదని చెప్పవచ్చునా? తొందరపడరాదు. పట్టికలోని రోగులు ఆసుపత్రిలో చేరినవారు మాత్రమే. ఇంటిలోనే కోలుకొన్నవారు లెక్కకు రారు. ఆసుపత్రిలో చేరువారి తీరు మారినచో, వ్యాధి మారకున్నను ఈ నిష్పత్తి మారును. మరొక ప్రక్క, 2019లో మూడవ రకపు వైరసు, 2023లో రెండవ రకము ప్రబలినవి. ఒక రకము సోకినవానికి వేరొక రకము సోకినచో అపాయము హెచ్చును. ఈ కారణములను విడదీయుటకు పట్టిక ఒక్కటే చాలదు.

2023 లెక్కలలో మరొక విశేషము కలదు. రోగులలో పురుషులు, మృతులలో స్త్రీలు ఎక్కువ. స్త్రీలు ఆసుపత్రికి ఆలస్యముగా చేరుచున్నారా అను ప్రశ్న ఇచ్చట పుట్టును. డెంగ్యూలో జ్వరము తగ్గు సమయమే గండము. అప్పుడే రక్తనాళములనుండి ద్రవము కారి రోగి కుప్పకూలవచ్చును. జ్వరము పోయినదని ఇంటిపనికి లేచినవారు ఆ గడియలను పోగొట్టుకొందురు.

మొత్తపు సంఖ్య వ్యాధి ఎంత పెద్దదో చెప్పును. నెలలవారీగా, స్త్రీపురుషులవారీగా విడదీసిన సంఖ్యయే ఎవరిని, ఎప్పుడు కాపాడవలెనో చెప్పును.