ప్రాసెస్ పోయింది, పేరు మిగిలింది

ప్రోగ్రామ్ మొదలవుతూనే బిగుసుకుపోతుంది. ఎర్రర్ రాదు, లాగ్‌లో కొత్త లైను పడదు, కిక్కురుమనదు. లినక్స్ సర్వర్ అయితే నేను ముందు తొంగిచూసేది /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్‌లోకి. అక్కడ ‘సెమ్’తో మొదలయ్యే బుల్లి ఫైలు కనిపించిందంటే సగం పని అయినట్టే. అంతకుముందు క్రాష్ అయిన ప్రాసెస్ సెమాఫోర్‌ను సున్నా దగ్గర వదిలేసి పోయింది. కొత్తగా వచ్చింది అదే పేరుతో దాన్ని తెరిచి, ఎవరో పెంచుతారని కూర్చుంది. తొలి విలువ 1 అని కోడ్‌లో రాసే ఉంటుంది. కానీ ఆ పేరు అప్పటికే ఉంటే ఆ 1ని ఎవరూ పట్టించుకోరు!

సెమాఫోర్ అంటే ఒక లెక్క, రెండు పనులు. తీసుకునేవాడు ఒకటి తగ్గిస్తాడు, సున్నా ఉంటే ఆగుతాడు. వదిలేవాడు ఒకటి పెంచి, ఆగినవాణ్ని లేపుతాడు. 1960ల మొదట్లో డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా చెప్పిన ఈ లెక్కలో పేచీ లేదు. పేచీ అంతా రెండు ప్రాసెస్‌లు ఒకే సెమాఫోర్‌ను ఎలా గుర్తుపట్టాలన్న దగ్గరే.

పాత యూనిక్స్ సిస్టమ్ ఫైవ్‌లో పేరుండదు, అంకె ఉంటుంది. ఆ అంకెను ఏదైనా ఫైలు నుంచి తయారుచేసే ఎఫ్‌టాక్, లినక్స్‌లో ఐనోడ్ నంబరు చివరి 16 బిట్లే తీసుకుంటుంది. అందుకే సంబంధం లేని రెండు ఫైళ్లకు ఒకే అంకె రావచ్చు. పైగా సృష్టించడానికో కాల్, తొలి విలువ పెట్టడానికి ఇంకో కాల్. ఆ సందులో ఇంకొకడు దూరితే అంతే సంగతులు. తర్వాత వచ్చిన పోసిక్స్ ప్రమాణం ఈ రెంటినీ ఒకే కాల్‌లో కలిపింది, స్లాష్‌తో మొదలయ్యే పేరు ఇచ్చింది. ఆ పేరు మాత్రం ఎవరైనా అన్‌లింక్ చేసేదాకా, లేదంటే మెషీన్ రీబూట్ అయ్యేదాకా పోదు.

ఈ విషయంలో నా ఓటు విండోస్‌కి. యూనిక్స్ మిత్రులు ముఖం చిట్లించినా సరే. అక్కడ చివరి హ్యాండిల్ మూతపడగానే సెమాఫోర్ పోతుంది, దానితో పేరూ పోతుంది. ప్రాసెస్ కూలిపోతే దాని హ్యాండిల్స్‌ను కెర్నెలే మూసేస్తుంది.

అయితే విండోస్‌లోనూ ఒక వెలితి ఉంది. సెమాఫోర్‌ను ఇంకొందరు తెరిచి ఉండగా ఒకడు మధ్యలో చచ్చిపోతే, వాడు తీసుకున్న లెక్క వెనక్కి రాదు. ఇక్కడ పాత సిస్టమ్ ఫైవే నయం. సెమ్‌అన్‌డూ ఫ్లాగ్ పెడితే పోయినవాడి లెక్కను కెర్నెల్ తిరిగి జమ చేస్తుంది. కాకపోతే వాడు సగం రాసి వదిలేసిన డేటా సంగతి కెర్నెల్‌కు తెలియదు. తలుపు తెరుచుకుంటుంది, లోపల అంతా చిందరవందర.

ఇక సెమాఫోర్ లోపల ఎలా నడుస్తుందన్న విషయంలో నాకు పెద్దగా సందేహాల్లేవు. పెళ్లి భోజనాల్లో కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చోవడమే, ఎవర్నీ అడగం. లినక్స్‌లో పోసిక్స్ సెమాఫోర్ కింద ఉండే ఫ్యూటెక్స్ చేసేదీ అదే. ఖాళీ ఉన్నంతసేపూ పని ప్రాసెస్ మెమరీలోనే అయిపోతుంది, ఆగాల్సి వచ్చినప్పుడో ఆగినవాణ్ని లేపాల్సి వచ్చినప్పుడో మాత్రమే కెర్నెల్ దాకా వెళ్తుంది.

మళ్లీ పేరు దగ్గరికొస్తే, పోసిక్స్‌లో అది తప్పనిసరైతే, అందరూ తెరిచిన వెంటనే అన్‌లింక్ చేసేయమంటాను. పేరు పోయినా, తెరిచి ఉంచుకున్నవాళ్లకు సెమాఫోర్ పనిచేస్తూనే ఉంటుంది. ఈ సౌకర్యం పోసిక్స్‌లో మొదట్నుంచీ ఉంది, వాడేవాళ్లే తక్కువ. కోడ్ రివ్యూలో ఇలాంటి పేరు కనిపిస్తే, దీన్ని ఎవరు తీసేస్తారని అడుగుతాను. ‘ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు అదే తీసేస్తుందండీ’ అంటే, కిల్ మైనస్ 9 కొట్టి చూపించమంటాను.