బండను విని చెప్పే చెవి

కొత్తగూడెం భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన చోట కార్మికుడి తల మీద ఉండేది పొరలు పొరలుగా పేరుకున్న బండ. రెండు పొరల నడుమ సందు ఏర్పడితే కింది పెచ్చు ఎప్పుడైనా ఊడిపడవచ్చు. ఆ సందు క్యాప్ ల్యాంప్ వెలుగుకు చిక్కదు. దాన్ని పట్టుకునేది పనిచోట భద్రత చూసే మైనింగ్ సర్దార్ చెవి. 1871లో ఇల్లందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త డాక్టర్ కింగ్ బొగ్గును గుర్తించిన తర్వాత ఈ నేలలో తవ్వే తీరు ఎన్నోసార్లు మారింది. గని కప్పును కొట్టి వినే పని మాత్రం నేటికీ ఉంది.

ఆ పనితనాన్ని దగ్గరగా చూడాలి. సర్దార్ ముందు సపోర్టు ఉన్న కప్పు కింద నిలబడతాడు. అక్కడి నుంచే పొడవాటి రాడ్డు చాచి, ఎదుటి బండను తడుతూ కొద్దికొద్దిగా ముందుకు జరుగుతాడు. ప్రతి దెబ్బా ఒకే తీరుగా పడాలి. చేతి బలం మారితే శబ్దమూ మారుతుంది, తేడా బండలో ఉందో చేతిలో ఉందో తేలదు. కప్పు అందేంత ఎత్తులో ఉంటే ఒక చేత్తో కొడుతూ రెండో చేతి వేళ్లు బండకు ఆనిస్తాడు. చెవి పోల్చుకోలేని అదురు వేళ్లకు తెలుస్తుంది.

దెబ్బ తగలగానే ఆ చోట రాతి కణాలు నొక్కుకుని, పక్క కణాలను నెట్టి, తిరిగి తమ చోటికి వస్తాయి. కణాలు అక్కడే ఉంటాయి, సంపీడనం ముందుకు సాగుతుంది. గాలిలో ఈ తరంగం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతే, గట్టి ఇసుకరాయిలో 3,000 మీటర్ల దాకా పోతుంది. రాయి గాలి కంటే ఎంతో బరువైనదే. అయినా దాని స్థితిస్థాపకత అంతకు మించి ఎక్కువ కాబట్టి అందులో తరంగానికి ఆ వేగం వస్తుంది.

పొరలు అతుక్కుని ఉంటే తరంగ శక్తి పైపైకి వెళ్లిపోతుంది. కిందికి వినబడేది ఖంగుమనే పొట్టి శబ్దం. సందు ఉంటే కథ వేరు. రాయి నుంచి గాలిలోకి తరంగం దాదాపు దాటదు, వెనక్కి పరావర్తనం చెందుతుంది. అర మీటరు పైనున్న సందును తాకి తిరిగి రావడానికి దానికి పట్టేది సెకనులో మూడు వేలవ వంతు. ప్రతిధ్వని విడిగా వినబడాలంటే సెకనులో పదో వంతైనా ఎడం ఉండాలని పాఠంలో చదివాం కదా! మరి సర్దార్ వింటున్నదేమిటి? పట్టు వదిలిన పెచ్చు మొత్తంగా వంగుతూ కంపించడం. బెంచీ అంచున స్కేలును ఎక్కువ బయటికి జరిపి మీటితే స్వరం తగ్గినట్టే, పెచ్చు ఎంత వెడల్పుగా, ఎంత పలచగా విడిపోతే పౌనఃపున్యం అంత తగ్గుతుంది. అదే డొల్ల శబ్దం.

ఈ విద్యకు హద్దూ ఉంది. విడిపోయిన పొర బాగా మందంగా ఉంటే అదీ గట్టి బండలాగే ఖంగుమంటుంది. అందుకే రూఫ్ బోల్టులు వేసి పొరలను కలిపి కుడతారు. కప్పు దిగుతున్నదీ లేనిదీ చెప్పే టెల్‌టేల్ పరికరాలు అమరుస్తారు. మంచి సర్దార్‌కు ఈ హద్దు తెలుసు. డొల్ల మోగితే ఆ పెచ్చును రాల్పిస్తాడు, లేదా సపోర్టు పెట్టిస్తాడు. శబ్దం మంచిగా ఉన్నంత మాత్రాన సపోర్టు మానడు.

శబ్దం ఉపయోగాలంటే మన పాఠాల్లో సోనార్, అల్ట్రాసౌండ్ వస్తాయి. వాటి సరసన ఈ రాడ్డు దెబ్బకూ చోటుండాలి. తరంగం, పరావర్తనం, పౌనఃపున్యం అనే మూడు పాఠాలు ఒక్క దెబ్బలో వినిపించే ప్రయోగం ఇది. పైగా దాని జవాబు మీద షిఫ్టులోని మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.